బెదరినవాడు బల్లయొద్ద కూర్చుండుట

బైబిలు పాఠము
చదువవలసిన భాగములు: 2 సమూయేలు 4:4, 9:1–13, 16:1–4, 19:24–30



పూర్వము మన ప్రాంతమునకు సర్కసు వచ్చినదనగా ఊరూరును కదలెడిది. పంట ఇంటికి చేరిన దినములలో పిల్లలను బండ్ల మీద ఎక్కించుకొని పోయి, డేరా క్రింద కూర్చుండి, నోరు తెరచి చూచెడివారము. సర్కసు మన జిల్లాలకు పరాయి విద్య కాదు. వీరఘట్టములో పుట్టి, విజయనగరములో వ్యాయామము నేర్చిన కోడి రామమూర్తి నాయుడుగారు స్వంత సర్కసు నడిపి, ఏనుగును రొమ్ము మీద ఎక్కించుకొని, దేశమంతటను పేరు పొందిరి. అంతటి బలవంతునికిని కడపటి దినములలో కాలికి పుండు పుట్టగా, ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. 1942లో ఆయన మరణించిరి.

బలవంతుని గాయమును లోకము చెప్పుకొనుచునే యున్నది. అయితే సర్కసు డేరాలలో నోరులేని ఆటగాళ్లు కూడ నుండెడివి. సింహము అగ్నిచక్రములోనుండి దూకినప్పుడు మనము చప్పట్లు కొట్టితిమి. అది దేనికి భయపడి దూకెనో మనలో ఎవరమును అడుగలేదు. ఈ మాసమందు ఆ మూగ ఆటగాని కథను, లేఖనములోని ఒక కుంటివాని కథను ప్రక్కప్రక్కన పెట్టి ధ్యానించుదము. రెండును మనకు ఒకే సంగతి నేర్పుచున్నవి: గాయపడినవాని నమ్మకమును ఎవరును లాగికొనలేరు, దాని కొరకు కనిపెట్టవలెను.

1. గాయపడినవాడు దూరముగా నుండును

1998 అక్టోబరు 14న భారత ప్రభుత్వము ఒక ప్రకటన చేసి, ఎలుగుబంట్లను, కోతులను, పులులను, చిరుతలను, సింహములను ఆటలాడించుటకు వీలులేదని శాసించెను. సర్కసు యజమానులు న్యాయస్థానములకు వెళ్లిరి. 2000లో కేరళ హైకోర్టును, 2001 మే 1న సుప్రీముకోర్టును ఆ ప్రకటన సరియైనదేయని తీర్పు చెప్పెను. పిమ్మట సర్కసులలోని సింహములను పులులను ఉంచుటకు దేశములో కొన్ని సంరక్షణ కేంద్రములు ఏర్పడెను. వాటిలో ఒకటి తిరుపతిలోను, మరియొకటి మనకు సమీపముననే విశాఖపట్టణములోను ఏర్పాటైనవి. కంబాలకొండ అడవి చెంత 1977లో తెరువబడిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలవారే ఈ విశాఖ కేంద్రమును చూచుకొనిరి.

ఆ మృగములు ఎట్లు పెరిగినవో తలంచుడి. చక్రముల మీద నడచు ఇనుప బోనే వాటి ఇల్లు. ఊరు మారును గాని బోను మారదు. మనుష్యుని చేయి పైకి లేచెనా, కొరడా దెబ్బయే గుర్తు. అట్టి మృగమును విశాలమైన ఆవరణములోనికి వదలినను, అది సంతోషముతో పరుగెత్తదు. తలుపు తెరచియున్నను గడప దాటదు. దాటినను, పాత బోను ఎంత పొడవో అంత మేరయే అటునిటు తిరుగుచుండును. మనుష్యుడు చూచుచుండగా మాంసము ముట్టదు. చీకటి పడి, అడుగుల చప్పుడు అణగిన తరువాతనే తినును.

ఇది వింతగా తోచినయెడల, మన పశువుల శాలలోనికే చూడుడి. సంతలో క్రొత్తగా కొనితెచ్చిన ఎద్దు దెబ్బలు తిన్నదైతే, దాని నుదుట నిమురుటకు చేయి ఎత్తినను తల వెనుకకు తీసికొనును. కుడితి తొట్టి ముందర పెట్టినను మనము ప్రక్కకు తొలగువరకు మూతి పెట్టదు. మన గరివిడిలో పశువైద్య కళాశాల యున్నది. అక్కడ చదువుకొను విద్యార్థులు మందుల పేర్లతో కూడ ఈ సంగతిని కూడ నేర్చుకొనవలసినదే. బెదరిన పశువును మొదట శాంతింపజేయనివాడు దాని గాయమును సరిగా చూడనైనను చూడలేడు.

ఇక మెఫీబోషెతును చూడుడి. యుద్ధములో సౌలును యోనాతానును మరణించిన వార్త యెజ్రెయేలునుండి వచ్చినప్పుడు అతడు ఐదేండ్ల పిల్లవాడు. దాది అతని నెత్తుకొని పారిపోవు తొందరలో అతడు పడి రెండు కాళ్లును కుంటివాడాయెను. అతనిని ఎవరును కొట్టలేదు. ప్రేమించిన చేతులలోనుండియే పడిపోయెను. కొందరి గాయములు శత్రువు చేసినవి కావు. కాపాడవలసిన చేయి జారుటవలన కలిగినవి. అట్టివారు ఇంకొక చేతిని నమ్ముట మరి కష్టము.

అతడు లోదెబారులో, అమ్మీయేలు కుమారుడైన మాకీరు ఇంట పెరిగెను. క్రొత్త రాజు పాత రాజు వంశమును నిర్మూలము చేయుట ఆ కాలపు ఆచారము. బయెషా యరొబాము ఇంటివారికి చేసినది 1 రాజులు 15వ అధ్యాయములో చదువగలము. కావున దావీదు దూతలు తలుపు తట్టినప్పుడు ఆ కుంటివాని గుండె ఎట్లు కొట్టుకొనియుండునో ఊహించుకొనవచ్చును.

2. నమ్మకము ఆజ్ఞవలన రాదు

దావీదు ఏమి చేసెను? మొదట అతనిని పేరు పెట్టి పిలిచెను. తరువాత భయము తీసివేయు మాట చెప్పెను. అటు పిమ్మట యోనాతానును బట్టి ఉపకారము చేయుదునని కారణము తెలిపి, సౌలు భూములను తిరిగి ఇచ్చి, నిత్యము తన బల్లయొద్ద భోజనము చేయుమనెను. అతని కాళ్లను గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.

మెఫీబోషెతు దీనికి ఇచ్చిన ఉత్తరము గమనించుడి. అతడు సంతోషముతో గంతులు వేయలేదు. సాగిలపడి, తన్ను తాను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. దావీదు దీనికి నొచ్చుకొనలేదు. ఇంత మేలు చేసినను నన్ను నమ్మవా అని గద్దింపలేదు. సీబాను పిలిచి పొలము పని అప్పగించెను. ఆ పూట భోజనము జరిగెను, మరునాడును జరిగెను. "నిత్యము" అను మాటయే ఇక్కడ ముఖ్యము. ఒక్క విందు ఎవనిని మార్చదు. ప్రతిదినము వేయు విస్తరి మార్చును.

బెదరిన మృగములను సాకువారు అనుసరించు పద్ధతియు ఇదియే. ప్రతిదినము ఒకే వేళకు వచ్చుదురు. కనబడకమునుపే మాటాడుచు వచ్చుదురు, ఏలయనగా హఠాత్తుగా ఎదుట నిలిచినవాడు మృగమునకు శత్రువుగా తోచును. మాంసము పెట్టి వెనుకకు తగ్గుదురు. ఊచలు దాటి లోనికి పోరు. సింహము సింహమే గనుక అది జ్ఞానము కాదు. ఇట్లు దినములు, మాసములు గడచును. ఒకనాడు ఆ మృగము మనుష్యుడు నిలిచియుండగనే తినును. మరియొకనాడు పేరు వినిన వెంటనే లేచి ఊచల దగ్గరకు వచ్చి పండుకొనును. ఓర్పుతో నేర్పినయెడల, సూదిమందు వేయించుకొనుటకు ప్రక్కను ఊచలకు ఆనించి నిలుచుటయు నేర్చుకొనును. ఇది చిన్న సంగతి కాదు. దెబ్బ ఎరిగిన శరీరమును అది తానే తెచ్చి మనుష్యుని చేతికి అప్పగించుచున్నది.

ఇంకొక సంగతి. ఆ సింహములను అడవికి పంపుటకు వీలు లేకపోయెను. అవి వేట నేర్వనివి. పెక్కు ఆఫ్రికా జాతితో కలిసి పుట్టిన సంకరములు. కాబట్టి వాటిని ఇక పిల్లలు పెట్టనీయక, ముసలితనమువరకు పోషించి, శాంతముగా కన్నుమూయనిచ్చుటయే సంరక్షకుల పని. వాటివలన రాబడి లేదు, ఆట లేదు. అయినను వాటికి వేళకు ఆహారము పెట్టిరి. తొమ్మిదవ అధ్యాయము కడపటి వచనము కూడ, మెఫీబోషెతు రాజు బల్లయొద్ద భుజించుచున్నాడని చెప్పి, అతని రెండు కాళ్లును కుంటివేయని మరల జ్ఞాపకము చేయుచున్నది. బల్ల కాళ్లను బాగుచేయలేదు. కుంటికాళ్లతోనే అక్కడ కూర్చుండు హక్కు నిచ్చెను.

3. నమ్మకము పరీక్షకు నిలుచును

కథ ఇంతటితో ముగియలేదు. అబ్షాలోము తిరుగుబాటు చేయగా దావీదు పారిపోవలసి వచ్చెను. అప్పుడు సీబా ఎదురు వచ్చి, తన యజమానుడు రాజ్యము తనకే వచ్చునని యెరూషలేములో నిలిచిపోయెనని చెప్పెను. దావీదు విచారింపకయే ఆ మాట నమ్మి, మెఫీబోషెతు ఆస్తి అంతయు సీబాకు ఇచ్చివేసెను. ఇక్కడ దావీదు తప్పు చేసెననుటకు మనము వెనుదీయనక్కరలేదు. మంచి చేయియు ఒక్కొక్కప్పుడు జారును.

రాజు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు ఎదుర్కొనవచ్చెను. రాజు వెళ్లిన దినము మొదలుకొని అతడు కాళ్లు శుభ్రము చేసికొనలేదు, గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉదుకుకొనలేదు. సేవకుడు తనను మోసగించెనని విన్నవించెను. దావీదు అప్పటికిని పూర్తి న్యాయము తీర్చక, భూమిని ఇద్దరు పంచుకొనుడనెను. అప్పుడు ఆ కుంటివాడు, రాజు క్షేమముగా వచ్చెను గనుక భూమి అంతయు సీబాయే తీసికొనవచ్చుననెను.

మొదటి దినమున ప్రాణభయముతో సాగిలపడినవాడు ఇతడేనా? భూమి పోయినను పోనిమ్ము, తన్ను పేరు పెట్టి పిలిచినవాడు బ్రదికియుండిన చాలునను మనస్సు అతనికి ఎక్కడనుండి వచ్చెను? బల్లయొద్ద గడచిన దినములే అతనికి దానిని నేర్పెను.

4. మన సంఘమునకు వర్తింపు

మా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఆదివారపు బడికి ఒక చిన్నది వచ్చెడిది. తలిదండ్రులు పనుల కొరకు దూరదేశము పోగా, అది అమ్మమ్మ ఇంట నుండెను. ఎప్పుడును ద్వారబంధము దగ్గరనే కూర్చుండెడిది. దానిని కలుపుకొందమను మంచి తలంపుతోనే, క్రిస్మసు కూటములో ముందునకు పిలిచి కంఠతవాక్యము చెప్పుమంటిమి. నోరు పెగలలేదు. పిల్లలు నవ్విరి. మరుసటి ఆదివారమునుండి ఆ చిన్నది రాలేదు.

మేము ఇంటికి పోయి బ్రతిమాలితిమి. ఆ అమ్మమ్మ, "గుంట బెదిరిపోనాది బాబూ. పిలవకండి. దాని మానాన అదే వస్తాది" అనెను. మాకు ఆ మాట నచ్చలేదు. అయితే మా సంఘములో ఒక ముసలి విధవరాలు దానిని గ్రహించెను. ప్రతి సాయంకాలము ఆ అరుగు మీద కూర్చుండి, చింతపండు గింజలు తీయుచు, చిన్నదానిని ఏమియు అడుగక, ఇంటికి పోవునప్పుడు మాత్రము పేరు పెట్టి పలుకరించి పోయెడిది. కొన్నాళ్లకు చిన్నది వచ్చి ప్రక్కన కూర్చుండి తానును గింజలు తీయసాగెను. వేసవి గడచి వానలు పడిన తరువాత ఒక ఆదివారమున, ఆ ముసలమ్మ కొంగు పట్టుకొని గుడిలోనికి వచ్చెను. ఆ దినమున మేము దానిని ముందునకు పిలువలేదు.

సర్కసులలో పసిపిల్లలు కూడ ఆటలాడింపబడిరని మరువకుడి. పేదరికమువలన తలిదండ్రులే కొందరిని అప్పగించిరి. 2011 ఏప్రిల్ 18న సుప్రీముకోర్టు, సర్కసులలో పిల్లలను పనిలో పెట్టుటను నిషేధింపవలెననియు, ఉన్నవారిని విడిపించి వారి జీవనమునకు ఏర్పాట్లు చేయవలెననియు ఆజ్ఞాపించెను. న్యాయస్థానము బోను తలుపు తెరువగలదు. తెరచిన తలుపులోనుండి బయటకు నడచు ధైర్యమును ఇచ్చుట పొరుగువారి పని, సంఘముయొక్క పని.

మన ప్రభువు పేతురుతో వ్యవహరించిన విధమును యోహాను 21వ అధ్యాయములో చూడుడి. తాను ప్రభువును ఎరుగనన్న సిగ్గుతో నున్నవానికి, ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, ముందు భోజనము పెట్టెను. ప్రశ్న అడిగినది భోజనమైన తరువాతనే. మనమో ముందు ప్రశ్నలడిగి, ఉత్తరము నచ్చినయెడల విస్తరి వేయుదుము.

ప్రియులారా, మన గుడి ద్వారము దగ్గర కూర్చుండువారు ఎవరు? త్రాగుబోతు భర్త చేతి దెబ్బలు తినిన స్త్రీ, తల్లి లేని పిల్లవాడు, ఒకప్పుడు సంఘములోనే అవమానము పొంది వెనుదిరిగినవాడు వీరు కావచ్చును. వారిని లాగకుడి. విడిచిపెట్టకుడి కూడ. ఒకే వేళకు, ఒకే మాటతో, ఒకే చేతితో మరల మరల వెళ్లుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మెఫీబోషెతు మొదటి దినమున పలికిన మాటకును (9వ అధ్యాయము), కడపట పలికిన మాటకును (19వ అధ్యాయము) భేదమేమి? ఆ మార్పు దేనివలన కలిగెను?
2. దావీదు సీబా మాట తొందరపడి నమ్మెను. ఇతరులను గూర్చి ఒక ప్రక్క మాత్రమే విని మనము తీర్పు తీర్చిన సందర్భము కలదా? దానిని ఎట్లు సరిదిద్దుకొందుము?
3. ఈ మాసములో మనము ఏమియు అడుగక ప్రక్కన కూర్చుండవలసినవారు మన పేటలో ఎవరున్నారు?

ప్రార్థన: ప్రభువా, మేము బెదరి దాగియున్నప్పుడు నీవు మా కొరకు కనిపెట్టితివి. ఇతరుల కొరకు కనిపెట్టు ఓర్పును మాకు దయచేయుము. మేము ఎత్తు చేయి ఎవరికిని భయము పుట్టింపకుండునట్లు మా చేతులను కాపాడుము. ఆమేన్.