కడప మండలపు ఇంటిపేర్లు : ఔపవిభక్తిక రూపాల సాక్ష్యం

వ్యక్తిని పిలవడానికి పేరు చాలు. ఆ వ్యక్తి వంశం ఏ ఊరినుండి కదలి వచ్చిందో తెలియాలంటే ఇంటిపేరు కావాలి. తెలుగువారి ఇంటిపేరు వ్యక్తినామానికి ముందు నిలుస్తుంది. చైనాలో కూడా వంశనామమే ముందు, వ్యక్తినామం తరువాత. ఈ సామ్యం పైకి కనిపించేది మాత్రమే. రెండింటి పుట్టుకను పోల్చి చూచినపుడు తెలుగు ఇంటిపేరు విశిష్టత తేటపడుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు సంబంధించిన కొన్ని నామాలను ఆధారంగా చేసుకొని ఆ విశిష్టతను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చైనీయ వంశనామాలు

ప్రాచీన చైనాలో వంశసూచకాలు రెండు. మొదటిది ‘షింగ్’, రెండవది ‘షీ’. ‘షింగ్’ అనే అక్షరంలో ‘స్త్రీ’, ‘పుట్టుక’ అనే రెండు సంకేతాలు కలసి ఉన్నాయి. జౌ రాజవంశపు ‘జీ’, చిన్ రాజవంశపు ‘యింగ్’ అనే నామాల లిపిలోనూ స్త్రీ సంకేతం కనబడుతుంది. ఒకే ‘షింగ్’ గలవారి మధ్య వివాహం నిషిద్ధం. ‘షీ’ ఆ మూలవంశం నుండి చీలిన శాఖకు పేరు. అది పాలించిన రాజ్యాన్ని బట్టి గాని, వహించిన పదవిని బట్టి గాని ఏర్పడేది. జావ్, చెన్, సుంగ్ అనేవి రాజ్యాల పేర్లు. ‘సిమా’ సైన్యాధికారానికి సంబంధించిన పదవి పేరు. క్రీ.పూ. 221లో చిన్ సామ్రాజ్యం ఏర్పడిన తరువాత, హాన్ వంశీయుల కాలానికి ఈ రెండింటి భేదం నశించి ఒకే వంశనామం మిగిలింది. పదవ శతాబ్దిలో, సుంగ్ వంశపాలన తొలినాళ్లలో కూర్చిన ‘బైజ్యాషింగ్’ అనే బాలశిక్ష వంటి గ్రంథం ఈ నామాలను వరుసగా చెబుతుంది. అప్పటి చక్రవర్తి వంశనామం కావడం చేత ‘జావ్’ అందులో మొదటిది.

తెలుగునాట గోత్రం ‘షింగ్’ వంటిది, ఇంటిపేరు ‘షీ’ వంటిది. చైనాలో రెండూ ఒకటిగా కలసిపోగా ఇక్కడ రెండూ విడివిడిగా నిలిచాయి. గోత్రం ఋషిని చెబుతుంది, ఇంటిపేరు ఊరిని చెబుతుంది. గోత్రం అంతగా వ్యవహారంలో లేని కులాలలో ఇంటిపేరే వివాహ సంబంధాలకు ఎల్లగా నిలిచింది. మరొక భేదం కూడా గమనార్హం. చైనా స్త్రీ వివాహానంతరం పుట్టింటి వంశనామాన్నే నిలుపుకుంటుంది. తెలుగు స్త్రీకి సంప్రదాయంలో మెట్టినింటి పేరు సంక్రమిస్తుంది.

ఊరిపేరు ఇంటిపేరైన తీరు

చైనీయ వంశనామం ఒక పదం. తెలుగు ఇంటిపేరు అనేక సందర్భాలలో ఒక పదబంధంలోని పూర్వభాగం. దీనికి సాక్ష్యం వ్యాకరణంలోనే ఉన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) నిరూపించిన ఇ, టి, తి అనే ఔపవిభక్తికాలు ఇంటిపేర్లలో నిత్యం కనిపిస్తాయి. ఊరు ‘ఊరి’ అవుతుంది. అందుచేత ప్రొద్దుటూరు ‘ప్రొద్దుటూరి’, చెన్నూరు ‘చెన్నూరి’, నందలూరు ‘నందలూరి’ అవుతాయి. పాడు ‘పాటి’ అవుతుంది. గుడిపాడు ‘గుడిపాటి’ అయినది. మకారాంతమైన ‘వరము’ పుంప్వాదేశంతో ‘వరపు’ అవుతుంది. గోపవరం ‘గోపవరపు’ అవుతుంది. జమ్మలమడుగు, పులివెందుల అనే పేర్లకు ఔపవిభక్తికం చేరదు గనుక అవి ఇంటిపేర్లయినపుడు రూపం మారదు. పరిశీలనకు తీసికొన్న మూడు పట్టణాలలో ఒక్క ప్రొద్దుటూరుకే ఈ మార్పు వర్తిస్తుంది.

‘ఊరి’ అనే రూపానికి ‘ఊరియొక్క’ అని అర్థం. దాని తరువాత విశేష్యం ఒకటి ఉండి తీరాలి. కనుక ‘ప్రొద్దుటూరి’ అనేది స్వతంత్రనామం కాదు, తరువాత వచ్చే వ్యక్తినామాన్ని అపేక్షించే విశేషణం. తెలుగులో ఇంటిపేరు ముందు నిలవడం ఆచారం మాత్రమే కాదు, వాక్యధర్మం కూడ.

ఈ పదబంధం ఎంత ప్రాచీనమైనదో తెలుసుకొనడానికి కడప మండలమే ఆధారం చూపుతుంది. యర్రగుంట్ల మండలంలోని కలమళ్ళలో లభించిన రేనాటి చోడ ధనంజయుని శాసనాన్ని పండితులు సుమారు క్రీ.శ. 575 నాటిదిగా నిర్ణయించారు. తెలుగు భాషలో వెలసిన తొలి శాసనంగా అది ప్రసిద్ధం. అందులో ‘చిరుంబూరి రేవణకాలు’ అనే వ్యక్తి పేర్కొనబడినాడు. చిరుంబూరు అనే ఊరిపేరు ఇకారాంతమై వ్యక్తినామానికి ముందు చేరింది. ఇది ఇంటిపేరే అని నిర్ధారించరాదు. తండ్రినుండి కొడుకుకు సంక్రమించినదని శాసనం చెప్పదు. అది ఆ వ్యక్తి ఊరిని తెలిపే విశేషణమే కావచ్చు. అయితే నేటి ఇంటిపేర్ల నిర్మాణం ఆనాటికే సిద్ధంగా ఉన్నదని మాత్రం నిస్సంశయంగా చెప్పవచ్చు. అచ్చు అప్పటికే ఉన్నది, అందులో వంశపారంపర్యం తరువాత చేరింది.

ఉన్న ఊరు కాదు, విడిచిన ఊరు

ప్రొద్దుటూరులో నివసించే వారినందరినీ ‘ప్రొద్దుటూరివారు’ అంటే ఎవరినీ వేరుచేసి చూపినట్లు కాదు. ఆ మాట మరొక ఊరిలో మాత్రమే భేదకమవుతుంది. కనుక గ్రామమూలకమైన ఇంటిపేరు సాధారణంగా ఒక కుటుంబం విడిచి వచ్చిన ఊరిని చెబుతుంది.

కవయిత్రి మొల్ల తండ్రి గోపవరంవాడని ప్రసిద్ధి. లోకం ఆమెను ‘ఆతుకూరి మొల్ల’ అంటున్నది. ఆతుకూరు అంతకు పూర్వపు నివాసాన్ని సూచిస్తుందనుకొనడం రూపాన్ని బట్టి సమంజసం. ఆధునిక కాలంలో మరింత స్పష్టమైన ఉదాహరణ పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990). ఆయన జన్మస్థలం అనంతపురం జిల్లా చియ్యేడు, సాహిత్యజీవితంలో కొంతభాగం గడచినది ప్రొద్దుటూరులో. ఆ వంశం అసలు ఇంటిపేరు ‘తిరుమల’ అనీ, చిత్రావతీ తీరంలోని పుట్టపర్తిలో పూర్వులు నివసించడం చేత ‘పుట్టపర్తి’ అయినదనీ ప్రసిద్ధి. శివతాండవం ప్రొద్దుటూరులో పుట్టినా కవి ‘ప్రొద్దుటూరి’వాడు కాలేదు. ఒక వలసతో మారిన ఇంటిపేరు మరొక వలసతో మారక నిలిచిపోయింది. ఇంటిపేరు ఏదో ఒక దశలో ఘనీభవిస్తుందనడానికి ఇది నిదర్శనం.

దీనికి విరుద్ధంగా తాళ్లపాక అన్నమాచార్యుని (1408-1503) చూపవచ్చు. ఆయన పుట్టిన ఊరే ఇంటిపేరు. కాని ఆ వంశం ‘తాళ్లపాకవారు’గా ప్రఖ్యాతి పొందినది తిరుమల తిరుపతులలో. అక్కడ తాళ్లపాక విడిచివచ్చిన ఊరే. కనుక ఇది పై సూత్రానికి బాధకం కాదు, బలం.

రెండు పొరలు

ఒకే ఇంటిపేరు గలవారు ఒకే ఊరిలో పెరిగినపుడు ఊరిపేరు భేదకశక్తిని కోల్పోతుంది. అప్పుడు ఇంటి ఉనికిని తెలిపే మాట అదనంగా చేరుతుంది. పులివెందుల ప్రాంతానికి చెంది, జమ్మలమడుగులో జన్మించిన మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి (1949-2009) ఇంటిపేరు ‘ఎడుగూరి సందింటి’. రూపాన్ని బట్టి మొదటిది ‘ఊరు’ శబ్దాంతమైన గ్రామనామానికి ఔపవిభక్తికం. రెండవది ‘ఇల్లు’ శబ్దానికి ఔపవిభక్తికం. సందులోని ఇల్లు అని అర్థం చెప్పుకోవచ్చు. మొదటి పొర ఊరినుండి ఊరికి, రెండవ పొర ఊరిలో ఇంటినుండి ఇంటికి భేదం చూపుతున్నవి. రాయలసీమలో విస్తారంగా వినిపించే ‘రెడ్డిగారి’ వంటి అంతాలు గల ఇంటిపేర్లు పూర్వపురుషుని పేరుమీద ఏర్పడినవి. అక్కడా ‘గారు’ శబ్దం ‘గారి’ అయి అదే వ్యాకరణాన్ని పాటించింది. ప్రొద్దుటూరు కవి గడియారం వేంకటశేషశాస్త్రి (1894-1980) ఇంటిపేరు వంటి వస్తునామాలు మాత్రం ‘గడియారపు’ కాక ప్రథమారూపంలోనే నిలిచాయి.

పరిశోధకులు వహించవలసిన జాగ్రత్త

ధ్వనిసామ్యం ఆధారంగా మూలాన్ని నిర్ణయించడం ప్రమాదం. జమ్మలమడక మాధవరామశర్మ ఇంటిపేరు వినగానే జమ్మలమడుగు స్ఫురిస్తుంది. కాని పల్నాడులో మాచర్ల ప్రాంతాన జమ్మలమడక అనే ఊరు వేరే ఉన్నది. ప్రొద్దుటూరు పేరుగల గ్రామాలు కృష్ణా, రంగారెడ్డి ప్రాంతాలలోనూ ఉన్నవి. కనుక ‘ప్రొద్దుటూరి’ వారందరూ పెన్నాతీరం నుండే కదలినారనడం తగదు. గోత్రం, కులదైవం, కైఫియత్తులు, భూముల దస్తరాలు కలసి చెప్పినపుడే నిర్ణయం నిలుస్తుంది. కడప ఊర్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన ఇందుకు పునాదిగా ఉపకరిస్తుంది.

ఇంతకంటె పెద్ద ప్రమాదం పొడి అక్షరాలది. చైనావారు వంశనామాన్ని పూర్తి అక్షరంతో వ్రాస్తారు. తెలుగువారు పాఠశాల దాఖలాలోనే దానిని ఒక్క అక్షరానికి కుదించారు. ‘పి.’ అన్నచో ప్రొద్దుటూరియో, పుట్టపర్తియో, పెమ్మసానియో తెలియదు. 2010లో కడప జిల్లాకు వై.ఎస్.ఆర్. పేరు పెట్టినపుడు ఊరినీ ఇంటినీ చెప్పే రెండు పొరలు రెండు అక్షరాలై జిల్లా పేరులోనే చేరాయి. విదేశాలకు వెళ్లినవారి పత్రాలలో ఇంటిపేరు చివరకు మారినపుడు ‘ప్రొద్దుటూరి’ వంటి షష్ఠ్యర్థరూపం విశేష్యం లేక మిగులుతున్నది.

శాసనశిల మీద ఒక ఇకారం పద్నాలుగు వందల ఏండ్లకు పైగా నిలిచింది. అదే ఇకారం కాగితం మీద రెండు మూడు తరాలలో లుప్తమవుతున్నది. ప్రాచ్య కళాశాలల దాఖలా పుస్తకాలలో, తాళపత్ర పట్టికలలో, పరిశోధన వ్యాసాలలో ఇంటిపేరును తెలుగులో, ఔపవిభక్తికంతో సహా, పూర్తిగా వ్రాయడం చిన్న పని. కాని ఒక కుటుంబం నడచివచ్చిన దారిని చెప్పే ఆధారం అనేకులకు అదొక్కటే.