జి.ఐ. రేకు బేరంలో అడగవలసిన ప్రశ్న

జి.ఐ. రేకుల బేరంలో గేజి, పొడవు, టన్ను ధర అడగడం పరిపాటి. జింకు పూత ఎంత అని అడిగేవారు తక్కువ. కాకినాడ, మచిలీపట్నం వంటి రేవు పట్టణాలకు సరుకు పంపే వర్తకులకు అసలు ప్రశ్న అదే. ఉప్పు గాలి, తేమ కలిసినచోట తుప్పు ఎన్నాళ్లకు పడుతుందో నిర్ణయించేది పైనున్న జింకు మందమే.

పూత లెక్క

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 277 పూతను చదరపు మీటరుకు గ్రాములలో చెబుతుంది: 120, 180, 220, 275 మొదలైనవి. ఇది రెండు వైపులా కలిపిన బరువు. 275 గ్రాముల రేకుకు ఒక్కొక్క వైపు సుమారు 19 మైక్రాన్ల జింకు ఉంటుంది. 120 గ్రాముల దానికి 8 మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

ఐ.ఎస్.ఓ. 9223 ప్రమాణం ప్రకారం, ఒక మాదిరి ఉప్పు గాలి తగిలే తీర ప్రాంతంలో జింకు ఏడాదికి 2.1 నుంచి 4.2 మైక్రాన్ల వరకు తరుగుతుంది. ఆ లెక్కన మొదటి రకం పూత సుమారు నాలుగున్నర నుంచి తొమ్మిదేళ్లు, రెండవది రెండు నుంచి నాలుగేళ్లు నిలుస్తుంది. కొత్తలో రెండింటి మెరుపూ ఒకటే. జింకు ధర పెరిగినప్పుడు పలుచని పూత సరుకు చౌకగా కనిపించడంలో వింత లేదు.

గోదాములో తెల్ల తుప్పు

ఆరుబయట జింకుపై గాలిలోని బొగ్గుపులుసు వాయువు వల్ల రక్షణ పొర ఏర్పడుతుంది. కట్టలోని రేకుల మధ్య నీరు చేరి గాలి ఆడకపోతే ఆ పొర ఏర్పడదు. జింకు తెల్లని పొడిగా మారుతుంది. అమ్మకముందే సరుకు ధర పడిపోతుంది. తడిసిన కట్టలను వెంటనే విప్పి ఆరబెట్టాలి. చెక్క దిమ్మెలపై, నీరు జారేలా కొంచెం వాలుగా పేర్చాలి. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పితే తేమ లోపలే నిలుస్తుంది.

రంగు వేసేటప్పుడు

కొత్త జి.ఐ. రేకుపై మామూలు ఎనామెల్ నేరుగా వేస్తే పొరలుగా ఊడిపోతుంది. జి.ఐ.కి తగిన ప్రైమరు ముందు వేయాలి. గాలిలో తేమ 85 శాతం దాటినా, రేకు వేడి మంచు పట్టే స్థాయికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోయినా పని ఆపడం మంచిది.

ఆర్డరులోను, బిల్లులోను గేజితోపాటు పూత గ్రాములు కూడా రాయించుకోవాలి. రేపు తగాదా వస్తే చూపడానికి ఆ అంకె ఉంటుంది.