పథకం ఫలించినదని ఎట్లు తెలియును? – మూల్యాంకన విద్యకు దక్కిన గౌరవం, మనకొక పాఠం



చేతిలో ప్రశ్నావళితో ఒక అపరిచితుడు మీ వాకిట నిలిచి, "ఇంట్లో నెలకు బియ్యం ఖర్చు ఎంత? గేదె పూటకు ఎన్ని లీటర్లు ఇస్తోంది? ఎక్కడెక్కడ అప్పు ఉన్నది?" అని అడిగిన సందర్భం మీలో చాలామందికి అనుభవమే. మనలో అత్యధికులు అటువంటి వారికి తోచిన అంకె చెప్పి పంపివేస్తాము. అప్పు ఉన్నదంటే కొత్త ఋణం రాదేమోనని కొందరు, ఆదాయం ఉన్నదంటే రేషన్ కార్డు పోతుందేమోనని కొందరు లెక్కను అటూ ఇటూ సవరిస్తారు. ఆ అంకెలు ఎక్కడికి పోతాయో, వాటితో ఎవరు ఏమి నిర్ణయిస్తారో తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

2019 అక్టోబరు 14వ తేదీన ఆ సంవత్సరపు ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతిని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రీమర్ అను ముగ్గురికి ప్రకటించారు. పేదరిక నిర్మూలనకు ప్రయోగాత్మక పద్ధతిని అనుసరించినందుకు ఈ గౌరవం లభించింది. నాటికి 46 ఏళ్ల వయస్సు గల డుఫ్లో, ఈ శాస్త్రంలో బహుమతి పొందిన వారందరిలో పిన్న వయస్కురాలు. 2009లో ఎలినార్ ఆస్ట్రమ్ తరువాత రెండవ మహిళ. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలోను, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోను చదువుకున్న బెనర్జీ ఆ డిసెంబరు 10న స్టాక్‌హోమ్ సభకు ధోవతి కట్టుకొని వెళ్లగా, డుఫ్లో చీర ధరించి వచ్చారు. ఆ ఛాయాచిత్రం చూసి మనమందరం సంతోషించాము. అయితే వారి పేరు ప్రఖ్యాతులకు ఆధారమైన పరిశోధనలలో ఒకటి మన హైదరాబాదు బస్తీలలో, సూక్ష్మఋణం తీసుకున్న మహిళల మధ్య జరిగిందన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు.

ముందు, వెనుక – ఈ పోలిక చాలదు

మొదట నా పొరపాటు ఒకటి చెప్పుకుంటాను. క్షేత్రాధికారిగా చేరిన రెండవ సంవత్సరంలో మా శాఖ ఇచ్చిన పాడి గేదెల ఋణాలపై నివేదిక వ్రాయవలసి వచ్చింది. ఋణం తీసుకొనక ముందు పాల ఆదాయం ఎంత, తరువాత ఎంత అని ఇంటింటా అడిగి, వచ్చిన తేడా అంతా ఋణఫలమేనని ధీమాగా వ్రాసి పంపాను. ఆ నివేదికను ఆధారం చేసుకొని మరుసటి ఏడు అదే గ్రామంలో మరిన్ని ఋణాలు మంజూరైనాయి. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి, పచ్చిమేత కరవైంది, దాణా ధర పెరిగింది. బకాయిలు వసూలు చేయడానికి వెళ్లినప్పుడు, మా వద్ద ఏనాడూ ఋణం తీసుకొనని ఒక పెద్దావిడ పాల కేంద్రం అరుగు మీద కూర్చుని, "కిందటేడు పాల ధర మాకూ పెరిగిందిగదండీ. మీ అప్పు పుచ్చుకున్నవాళ్లకే పెరిగిందా?" అన్నది. జవాబు చెప్పలేకపోయాను. నా నివేదికలో లేనిది సరిగా ఆ ఒక్క ప్రశ్నే.

ఒక లెక్క వేసి చూద్దాము. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు మాత్రమే. ఋణం తీసుకున్న రైతుకు నెలకు పాలపై రూ. 4,000 మిగిలేది, ఏడాది తరువాత రూ. 7,000 మిగులుతున్నది. పైకి చూస్తే లాభం రూ. 3,000. అదే ఊరిలో ఋణం తీసుకొనని రైతుకు కూడా మొదట రూ. 4,000 మిగిలేది, ఇప్పుడు రూ. 6,000 మిగులుతున్నది. ధర పెరుగుదల వలన, మంచి వానల వలన ఇద్దరికీ సమానంగా వచ్చినది రూ. 2,000. కావున ఋణం వలన అదనంగా వచ్చినది రూ. 1,000 మాత్రమే. నెలవారీ వాయిదా రూ. 1,200 అయితే, ఆ రైతు నెలకు రూ. 200 నష్టపోతున్నట్లు. కాని ధర బాగున్నన్నాళ్లు ఆ నష్టం ఆయనకు తెలియదు, బ్యాంకుకూ తెలియదు. ధర తగ్గిన నాడు ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది.

ఈ పోలికలోనూ ఒక లోపం ఉన్నది. ఋణం కోసం ముందుకు వచ్చేవారు సాధారణంగా చొరవ గలవారు, నీటి వసతి ఉన్నవారు, ఇంట్లో పనిచేసే చేతులు ఎక్కువ ఉన్నవారు. ఋణం లేకున్నా వారు కొంత పైకి వచ్చేవారే. అటువంటి వారిని, తీసుకొనని వారితో పోల్చితే మొత్తం ఘనత ఋణానికే దక్కుతుంది.

దీనికి మార్గం వ్యవసాయశాస్త్రంలోనే దొరికింది. బి.ఎస్సీ. చదివిన ప్రతివారూ మడుల ప్రయోగం గురించి పాఠం వినే ఉంటారు. ఏ మడికి ఎరువు వేయాలో, ఏ మడిని వదలాలో మనిషి తన ఇష్టం కొద్దీ నిర్ణయించరాదు, చీటీ తీసి నిర్ణయించాలి అని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఆర్.ఎ. ఫిషర్ 1920వ దశకంలో నిరూపించారు. చీటీకి సారవంతమైన మడి పైన పక్షపాతం ఉండదు. నోబెల్ పొందిన ముగ్గురూ, వారి సహచరులూ ఈ పద్ధతినే మడులనుండి గ్రామాలకు, బడులకు, బస్తీలకు విస్తరింపజేశారు.

హైదరాబాదు బస్తీలలో

2005 ప్రాంతంలో స్పందన అను సూక్ష్మఋణ సంస్థ హైదరాబాదులో కొత్త శాఖలు తెరవనున్నది. పరిశోధకులు 104 బస్తీలను ఎంచుకొని, వాటిలో సగం, అనగా 52 బస్తీలను చీటీ పద్ధతిన ముందుగా శాఖలు తెరవడానికి నిర్ణయించారు. మిగిలిన 52 పోలిక కోసం. ఆ బస్తీలలో కూడా 2008లో సంస్థ ఋణాలివ్వడం ప్రారంభించింది. "సగం మందిని ఎండబెట్టి సగం మందికి పెట్టడం న్యాయమా?" అని మీరు అడగవచ్చును. సంస్థకు ఒకేసారి అన్నిచోట్లా శాఖలు తెరిచే శక్తి లేనప్పుడు, ముందు ఎవరికి అన్న ప్రశ్న ఎలాగూ ఉంటుంది. పలుకుబడి చేత నిర్ణయం కావడం కన్నా చీటీ చేత నిర్ణయం కావడం నయమేనని నా అభిప్రాయం.

ఋణం మహిళా బృందాలకు. మొదటి విడత రూ. 10,000, యాభై వారాలలో చెల్లింపు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ. ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క చూడండి. వడ్డీ రూ. 1,200 కలిపి రూ. 11,200ను యాభై వారాలకు పంచితే వారానికి రూ. 224. అసలు వారం వారం తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు పదివేల మీదనే లెక్క కట్టారు. సగటున మీ చేతిలో ఉన్నది దాదాపు అయిదువేలే గనుక, తగ్గే నిల్వపై చూస్తే అది సుమారు 24 శాతం. ఎవరు ఋణమిచ్చినా "ఫ్లాటా, తగ్గే నిల్వ మీదనా?" అని మొదట అడగండి.

ఏడాది దాటిన తరువాత రెండు రకాల బస్తీలలోనూ వేలాది కుటుంబాలను ప్రశ్నించారు. శాఖలు తెరిచిన బస్తీలలో సూక్ష్మఋణం ఉన్న కుటుంబాలు సుమారు 27 శాతం కాగా, పోలిక బస్తీలలో సుమారు 18 శాతం. ఇతర సంస్థలు అక్కడికీ చేరినవి గదా. శాఖలు తెరిచిన చోట కుటుంబాలు వ్యాపారానికి పెట్టిన పెట్టుబడి పెరిగింది. ఇంటికి మన్నికైన వస్తువుల కొనుగోలు పెరిగింది. పొగాకు, మద్యం, తమలపాకులు, జూదం, బయటి టీ ఫలహారాల వంటి వాటిపై ఖర్చు తగ్గింది. కాని మొత్తం మీద కుటుంబపు నెలసరి వినియోగంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో స్త్రీ మాటకు విలువలో కూడా తేడా కనిపించలేదు. లాభాలు పెరిగినది ప్రధానంగా అప్పటికే వ్యాపారం ఉండి, అందులోనూ అగ్రభాగాన ఉన్న కొద్దిమందికి.

ఈ అధ్యయనం 2015 జనవరిలో బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకో దేశాల అధ్యయనాలతో కలిసి ఒకే సంచికలో వెలువడింది. ఆరు దేశాల ఫలితమూ ఒకే దారిన ఉన్నది: సూక్ష్మఋణం కొంత మేలు చేస్తుంది, జీవితాలను తలకిందులుగా మార్చివేయదు. ఋణం ఒక్కటే పేదరికాన్ని తుడిచివేస్తుందని ఊదరగొట్టినవారికీ, ఋణమే విషమని తిట్టినవారికీ ఇది రుచించలేదు. అప్పటికే 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మఋణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒకే ఇంటిపై మూడు నాలుగు సంస్థల వాయిదాలు పడిన ఆ రోజులలో, మేలు ఎంత అన్నది ముందే కొలిచి ఉంటే ఎందరికో ఉపకారమయ్యేది.

డీలరు మిత్రులకు ఒక మాట

ఎరువుల వ్యాపారం చేసేవారు కెన్యా కథ తప్పక వినవలసినది. పశ్చిమ కెన్యాలోని బుసియా ప్రాంతంలో మొక్కజొన్న రైతులతో డుఫ్లో, క్రీమర్, జొనాథన్ రాబిన్సన్ పనిచేశారు. ప్రతి మొక్క వద్ద అర టీస్పూను ఎరువు పైపాటుగా వేస్తే గిట్టుబాటవుతున్నది. అధికారులు సిఫారసు చేసిన పూర్తి మోతాదు, సంకర విత్తనంతో సహా వేస్తే సగటు రైతుకు గిట్టుబాటు కావడం లేదు! సిఫారసు చేతపట్టుకొని తిరిగే మాబోటివారికి ఇది మింగుడుపడని మాత్ర.

ఇక రెండవ సంగతి. ప్రదర్శన మడులలో పాల్గొన్న రైతులను అడిగితే వచ్చే పంటకు ఎరువు వాడతామని దాదాపు 98 శాతం మంది చెప్పారు. తీరా వాడినది సుమారు 37 శాతం. వారు అబద్ధమాడలేదు. పంట అమ్మిన నాడు చేతిలో ఉన్న సొమ్ము, ఎరువు వేసే నాటికి పెళ్లికో, వైద్యానికో, పండుగకో కరిగిపోయింది. మన ఊళ్లలోనూ ఇంతే గదా. అందుచేత కోతలు కాగానే ఒక ప్రతినిధి రైతు ఇంటికే వెళ్లి, మామూలు ధరకే, ఎన్ని కిలోలైనా సరే, ఇప్పుడే సొమ్ము కడితే అదను నాటికి ఉచితంగా ఇంటికి చేరుస్తామని చీటీ వ్రాసి ఇచ్చాడు. వాడకం గణనీయంగా పెరిగింది. తరువాత అదనులో సగం ధరకే ఇచ్చినప్పుడు పెరిగినంతగా పెరిగింది. డీలరుకు ఇందులో తగ్గింపు ధర లేదు, అరువు లేదు. ఉన్నది రవాణా ఖర్చు మాత్రమే. మీ దుకాణంలో సంక్రాంతి తరువాత ఒకసారి ప్రయత్నించి చూడవచ్చును. సొమ్ము ముందు తీసుకుంటున్నారు గనుక రసీదు తప్పనిసరి.

కంపెనీలవారి ప్రదర్శన క్షేత్రాల గురించి కూడా ఒక హెచ్చరిక. బోరు ఉన్న, ఎర్రనేల లోతుగా ఉన్న ఆదర్శ రైతు చేనులో మందు చల్లి, పక్కవాడి మెట్ట చేనుతో పోల్చి చూపడం మోసమని అనను గాని, మూల్యాంకనం కాదు. అదే చేనులో సమానమైన మడులు కట్టి, చీటీ తీసి కొన్నింటిని వదలి చూపమనండి.

ఈ పద్ధతికీ హద్దులున్నవి

2015లో అదే నోబెల్ బహుమతి పొందిన ఆంగస్ డీటన్ ఈ చీటీ పద్ధతిపై గట్టి విమర్శలు చేశారు. ఒకచోట ఫలించినది మరొకచోట ఫలిస్తుందని హామీ లేదు, ఎందుకు ఫలించినదో చీటీ చెప్పదు అన్నది ఆయన వాదనలోని సారం. ఇది న్యాయమైన మాటే. కెన్యా మొక్కజొన్న లెక్క కృష్ణా డెల్టా వరికి అంటగట్టరాదు. మన దేశంలోనూ మూల్యాంకనం కొత్త విద్య కాదు. సమాజ వికాస పథకం ఎట్లు నడుస్తున్నదో చూడడానికి 1952లోనే ప్రణాళికా సంఘం క్రింద ప్రత్యేక మూల్యాంకన సంస్థ ఏర్పడింది. 2015లో నీతి ఆయోగ్ క్రింద ఏర్పడిన పర్యవేక్షణ, మూల్యాంకన కార్యాలయంలో అది కలిసింది. ఆ సంవత్సరాన్నే అంతర్జాతీయ మూల్యాంకన సంవత్సరంగా పాటించి, నవంబరులో కాట్మండులో ఈ వృత్తివారు సమావేశమైనారు.

మూల్యాంకనం వలన సామాన్యునికి నేరుగా మేలు జరిగిన ఉదాహరణ మన వద్దే ఉన్నది. ఉపాధి హామీ కూలి, పింఛను సొమ్మును వేలిముద్రల స్మార్ట్‌కార్డు ద్వారా ఇవ్వడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాలలో, 157 మండలాలలో చీటీ పద్ధతిన వరుసక్రమం నిర్ణయించి ప్రవేశపెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ దానిని పరిశీలించారు. కూలి త్వరగా అందింది, మధ్యలో కారిపోయే సొమ్ము తగ్గింది, కార్డు పొందినవారిలో అత్యధికులు కొత్త పద్ధతే కావాలన్నారు. పాత పద్ధతిలో లాభపడినవారి ఫిర్యాదులు అధికారుల చెవిని సులభంగా చేరతాయి, కూలివాని తృప్తి చేరదు. ఇంటింటి సర్వే ఆ నిశ్శబ్దాన్ని అంకెగా మార్చి చూపింది.

ఇక మీ వాకిట నిలిచిన ఆ ప్రశ్నావళి మనిషి సంగతి. ఆయనను ముందుగా మూడు విషయాలు అడిగే హక్కు మీకున్నది: ఎవరు పంపారు, ఈ సమాధానాలు ఎవరి చేతికి పోతాయి, నా పేరు బయటికి వస్తుందా. జవాబివ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పవచ్చును. ఆధార్ నకలు, పాస్‌బుక్, ఓటీపీ అడిగితే అది సర్వే కాదు, తలుపు వేసుకోండి. మాట్లాడదలచినప్పుడు మాత్రం ఉన్న అప్పు ఉన్నట్లు, చనిపోయిన గేదె చనిపోయినట్లు చెప్పండి. పక్కింటి గేదెను మీ దొడ్డిలో కట్టి చూపితే, ఆ ఊరికి వచ్చే ఏడాది మంజూరయ్యే ఋణం ఆ గేదె లెక్క మీదనే వస్తుంది. వాయిదాలు మాత్రం మీ గేదె కట్టాలి.