నిద్రమత్తును పట్టుకునే మిషన్ లేదు



మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ నంబరు జాతీయ రహదారి మీది ఊళ్లే. ఈ దారిలో రాత్రిళ్లు లారీ నడిపేవారు మన సంఘ కుటుంబాలలోను, ఆస్పత్రికి వచ్చేవారిలోను ఎందరో ఉన్నారు. ఈ పాఠం వారి కొరకు, అంతకంటే ఎక్కువగా వారి ఇంటివారి కొరకు.

టమాటా మండీలో వేలం ముగిసి, లోడు ఎక్కించి, తాళ్లు బిగించేసరికి పొద్దు వాలుతుంది. తెల్లవారేలోగా చెన్నై మార్కెట్‌కు చేరాలి. పండు ఆగదు గదా! కాని డ్రైవరు ఉదయం నుండి మేలుకొనే ఉన్నాడు. రాత్రి 11 గంటలకు అతడు మేలుకొని 17 గంటలయిందనుకోండి. అప్పటికి అతని చూపు, చేతి చురుకు రక్తంలో 100 మి.లీ.కు 50 మి.గ్రా. ఆల్కహాలు ఉన్నవానితో సమానమని పరిశోధనలు తెలుపుతున్నాయి. మన చట్టం తాగి నడిపేవానికి పెట్టిన హద్దు 30 మి.గ్రా. మాత్రమే. అంటే చుక్క ముట్టని మనిషి కూడా హద్దు దాటిన మనిషిలాగే నడుపుతున్నాడు. పోలీసువారి ఊదుడు మిషన్‌లో మాత్రం సున్నా వస్తుంది.

రాత్రి 2 నుండి 6 గంటల వరకు శరీరం తనంతట తానే నిద్ర కోరుతుంది. గంటకు 60 కి.మీ. వేగంలో నాలుగు సెకన్లు కన్ను మూతపడితే లారీ 66 మీటర్లు పోతుంది. మొగిలి ఘాట్ వంటి మలుపుల్లో అంత చోటెక్కడిది?

గంటల లెక్క ఎవరు రాస్తారు?

అమెరికాలో సరుకు లారీ డ్రైవరు వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్న తరువాతనే బండి ఎక్కాలి, ఆపైన 11 గంటలకు మించి నడపరాదు. 2017 డిసెంబరు నుండి ఆ లెక్కను చాలా లారీలలో ఎలక్ట్రానిక్ పరికరమే రాస్తోంది. దారిలో అధికారి దానిని చూసి, గంటలు మించితే బండిని అక్కడే నిలిపివేయవచ్చు.

మన దేశంలోనూ చట్టం లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, 5 గంటల తరువాత కనీసం అరగంట విరామం అని చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చింది. రోజుకు 8 గంటల నియమం అందులోనూ ఉంది. అయితే ట్రిప్పుకు ఇంత అని బాడుగ మాట్లాడుకున్నవానికి ఆ లెక్క రాసేదెవరు? నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను కూడా 2018లో తీసివేశారు. మా దృష్టిలో అది డ్రైవర్లకు మేలు చేసిన మార్పు కాదు.

దారిలో ఆపితే లైసెన్సు, ఆర్.సి., ఇన్సూరెన్సు, పర్మిట్, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాలు అడుగుతారు. డిజిలాకర్‌లోగాని ఎం-పరివాహన్‌లోగాని చూపినా చెల్లుతుంది. లోడు మించితే 2019 సవరణ ప్రకారం 20 వేల రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2 వేలు. "ఎప్పుడు పడుకున్నావు?" అని అడిగేవారు అరుదు. మన రాష్ట్రంలో కొన్నిచోట్ల పోలీసులు అర్ధరాత్రి బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగిస్తున్నారు. మంచి పనే. ఆపినందుకు విసుక్కోకండి. కాని చన్నీళ్ల బలం కొద్ది నిమిషాలే. ఒక టీ తాగి, బండి పక్కకు తీసి 20 నిమిషాలు కునుకు తీస్తే, లేచేసరికి టీ కూడా పని మొదలుపెడుతుంది. అదీ కొంతసేపటికే. నిద్ర బాకీ నిద్రతోనే తీరుతుంది.

ఇంట్లో చేయదగినది

ఒక చిన్న నోటుబుక్కు కొనండి. లేచిన వేళ, బండి ఎక్కిన వేళ, ఆపిన వేళ, పడుకున్న వేళ రాయండి. ఆయన రాయకపోతే ఫోనులో అడిగి ఇల్లాలే రాయవచ్చు. వేసుకున్న మాత్రలు కూడా అందులో రాయండి. జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు మత్తు తెస్తాయి. షుగరు మందు వేసుకొని భోజనం మానితే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. అటువంటివారు క్యాబిన్‌లో గ్లూకోజ్ గాని బెల్లంముక్క గాని ఉంచుకోవాలి. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లుండి, పగలంతా తూగేవారికి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండవచ్చు. దానికి చికిత్స ఉంది. రవాణా లైసెన్సు రెన్యూవల్‌కు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఆ రోజు షుగరు, మూర్ఛ, చూపు సంగతి దాచవద్దు.

రాత్రి ఫోను చేయవలసివస్తే బండి ఆపినప్పుడే మాట్లాడమనండి. "ఎప్పుడొస్తావు?" అనడానికి ముందు "ఎంతసేపు పడుకున్నావు?" అని అడగండి. ఆవలింతలు ఆగకపోయినా, దాటివచ్చిన ఊరు గుర్తు రాకపోయినా వెంటనే బండి పక్కకు తీయమనండి. బి.పి., షుగరు పరీక్షకు ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు కూడా తెచ్చి డాక్టరుగారికి చూపండి.