మూడో వాక్యం

ఇర్వింగ్, టెక్సస్

చి. సౌజన్యకు,

న్యూజెర్సీలో ఇమిగ్రేషన్ లాయరు దగ్గర పనిలో చేరావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. "గ్రీన్‌కార్డు కేసు నడుస్తుండగా మొగుడూ పెళ్లాం విడిపోతే ఏమవుతుంది పెద్దమ్మా?" అని నిన్న ఫోన్లో అడిగావు. రెండు ముక్కల్లో చెప్పి పెట్టేయబుద్ధి కాలేదు. ఇరవై ఆరేళ్లుగా నేనూ లాయరాఫీసులో ఇలాంటి ఫైళ్ల మధ్యే ఉన్నాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక జంట సంగతి చెబుతాను. అబ్బాయి ఇక్కడి పౌరుడు. అమ్మాయి హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్న గుంటూరు పిల్ల. పెళ్లి అన్నవరంలో జరిగింది. భార్య కోసం అతను వేసే ఐ-130 పిటిషన్, గ్రీన్‌కార్డు కోసం ఆమె పెట్టుకునే ఐ-485 దరఖాస్తు మా ఆఫీసు నుంచే ఒకే రోజు పంపాం. ఏడెనిమిది నెలలకు అతనొక్కడే వచ్చాడు. "పిటిషన్ వెనక్కి తీసుకుంటానండీ" అంటూ టైపు చేసిన కాగితం నా బల్లమీద పెట్టాడు. అందులో మూడే వాక్యాలు. మేం విడిపోతున్నాం. నా పిటిషన్ ఉపసంహరించుకుంటున్నాను. ఆమె గ్రీన్‌కార్డు కోసమే నన్ను పెళ్లి చేసుకుంది.

మా లాయరుగారు చదివి, "మీ ఆవిడ కూడా మా క్లయింటే బాబూ. ఇది మేం పంపలేం, మీరు వచ్చిన సంగతి ఆవిడ దగ్గర దాచనూ లేం. ఇకమీదట మీ ఇద్దరికీ చెరొక లాయరు కావాలి" అన్నారు. అతను లేవబోతుంటే ఒక్కటే అడిగారు: "ఆ మూడో మాట నిజమేనా?"

బల్లమీద వాళ్ల ఫైలు తెరిచే ఉంది. సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చున్న ఫొటో, ఇద్దరి పేర్లతో కరెంటు బిల్లు, కలిపి వేసిన ట్యాక్స్ రిటర్న్. అతను వాటివైపు చాలాసేపు చూశాడు. "కాదండీ, కోపంలో రాశాను" అని నా పెన్ను తీసుకుని ఆ వాక్యం కొట్టేశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వాక్యం బరువు నీకు తెలియాలి. గ్రీన్‌కార్డు కోసం దొంగపెళ్లి చేసుకున్నారని ఒకసారి తేలిందంటే, ఇమిగ్రేషన్ చట్టంలోని 204(సి) సెక్షన్ ప్రకారం ఆ మనిషి కోసం తర్వాత ఎవరు పిటిషన్ వేసినా ఆమోదించడానికి వీల్లేదు. కొత్త భర్త వేసినా అంతే, కంపెనీ వేసినా అంతే. ఇన్నేళ్లకు తీరిపోతుందన్న గడువు కూడా లేదు. పైగా అది నేరం. ఐదేళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా. ఒట్టి ఆరోపణతో ఇదంతా జరగదు, సాక్ష్యం కావాలి. కానీ ఫైల్లో చేరిన మాట ఫైల్లోనే ఉంటుంది. ఆమె ఎప్పుడు ఏ దరఖాస్తు పెట్టుకున్నా ఆఫీసరు కంటికి అదే ముందు కనబడుతుంది.

ఇక నీ ప్రశ్న. ఎవరొచ్చి ఏడ్చినా, ఎవరొచ్చి అరిచినా, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి ముందు తేదీలు అడుగు. పెళ్లి ఎప్పుడు, ఫైల్ చేసిందెప్పుడు, విడాకుల డిక్రీ వచ్చిందా? వేరే ఇంట్లో ఉన్నంత మాత్రాన, విడాకులకు వేసినంత మాత్రాన పెళ్లి తెగిపోదు. కోర్టు డిక్రీ ఇచ్చిన రోజున తెగుతుంది. టెక్సస్‌లో విడాకులకు వేశాక మామూలుగా 60 రోజులైనా ఆగాలి. కాలిఫోర్నియాలో ఆరు నెలలు. గ్రీన్‌కార్డు రాకముందే డిక్రీ వచ్చేస్తే ఆ పెళ్లిని పట్టుకుని నిలిచిన ఐ-130, దానితోపాటు ఐ-485 పడిపోతాయి. అప్పుడు ఆ మనిషి కాళ్లకింద వేరే వీసా ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఏ ఆధారమూ లేకుండా 180 రోజులు దాటి ఉండి దేశం విడిచి వెళితే మూడేళ్లు, ఏడాది దాటి ఉండి వెళితే పదేళ్లు తిరిగి రానివ్వరు.

డిక్రీ ఇంకా రాలేదు, విడిగా ఉంటున్నారు, ఇంటర్వ్యూ దగ్గరపడింది అనుకో. విడిగా ఉన్న సంగతి దాచమని పొరపాటున కూడా చెప్పకు. పెళ్లినాడు కాపురం చెయ్యాలన్న ఉద్దేశం నిజంగా ఉందా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. దానికి నిజాయితీగా జవాబు చెప్పుకోవచ్చు. అబద్ధం బయటపడితే మాత్రం దాన్ని సర్దిచెప్పడం ఎవరి తరమూ కాదు.

పెళ్లయి రెండేళ్లు నిండకుండా గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్ల షరతుల కార్డు. 1986లో వచ్చిన చట్టం అది. కార్డు గడువు తీరేముందు 90 రోజుల్లోగా షరతులు తీసెయ్యమని ఇద్దరూ సంతకం పెట్టి ఐ-751 వెయ్యాలి. విడిపోయినవాళ్లు రెండో సంతకం నుంచి మినహాయింపు అడిగి ఒంటరిగా వేసుకోవచ్చు, కానీ విడాకుల కారణంగా ఆ మినహాయింపు ఆమోదం పొందాలంటే డిక్రీ చేతిలో ఉండాలి. చూశావా, కార్డు రాకముందు కేసును కూల్చే డిక్రీయే, కార్డు వచ్చాక కేసును నిలబెడుతుంది! అందుకే తేదీలు అడగకుండా "తొందరగా విడాకులు తీసుకోండి" అని గానీ, "ఆగండి" అని గానీ అనకూడదు.

కొట్టి, తిట్టి, "నీ పేపర్లు నా చేతిలో ఉన్నాయి" అని బెదిరించేవాళ్లు కూడా ఉంటారు. బాధితులు పౌరులకో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకో భార్య గానీ భర్త గానీ అయితే, 1994 నాటి చట్టం కింద సొంతంగా ఐ-360 పిటిషన్ వేసుకోవచ్చు. అవతలివాళ్ల సంతకం అక్కర్లేదు, వాళ్లకు కబురు కూడా వెళ్లదు. ఆ హింస కారణంగా విడాకులైతే డిక్రీ తర్వాత రెండేళ్ల లోపు వెయ్యాలి. ఈ మాట విన్నాక ఒకమ్మాయి నా ముందే వెక్కివెక్కి ఏడ్చింది. ఎదురుగా కూర్చున్నవాళ్ల ఒంటిమీద దెబ్బలు కనబడకపోయినా ఇది చెప్పడం మరిచిపోకు.

పిటిషన్ వేసినవాళ్లకూ ఒక నిజం చెప్పాలి. ఐ-864 అనే పోషణ పూచీపత్రం మీద సంతకం పెట్టి, భార్యకు గ్రీన్‌కార్డు వచ్చాక విడాకులైతే, ఆ పూచీ దాంతో తీరదు. ఆమె పౌరురాలయ్యేదాకానో, దాదాపు పదేళ్ల పని లెక్కలోకి వచ్చేదాకానో ఉంటుంది.

చివరగా మనవాళ్ల సంగతి. ఇక్కడి డిక్రీ ఇక్కడి కేసుకు సరిపోవచ్చు గానీ, హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లికి మన దేశంలో అది ఊరికే చెల్లదు. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లికి మిస్సోరి కోర్టు విడాకులిస్తే, ఆ డిక్రీని గుర్తించలేమని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది. రెండోవాళ్లు ఇష్టపడి ఒప్పుకున్నప్పుడు సంగతి వేరు. కాబట్టి మళ్లీ పెళ్లి తలపెట్టేవాళ్లను అక్కడి లాయరునూ అడగమను.

ఆ గుంటూరు పిల్ల తన హెచ్-1బి వదులుకోలేదు. భర్త పిటిషన్ పోయినా ఉద్యోగంలో నిలబడింది. కొన్నేళ్లకు ఫ్రిస్కోలో ఒక పెళ్లిలో కనబడి, కంపెనీ వేసిన పిటిషన్ ఆమోదమైందని చెప్పింది. ఆ మూడో వాక్యం గురించి ఆమెకు తెలియదు. తెలియాల్సిన అవసరమే రాలేదు. నీ బల్లమీదకు అలాంటి కాగితం వచ్చిన రోజున, పంపేముందు "ఇది నిజమేనా?" అని ఒక్కసారి అడుగు తల్లీ.

ఆశీస్సులతో,
పెద్దమ్మ