లాంగ్ జంప్‌ను ఆఖరి వారానికి వదలకండి

కానిస్టేబుల్ కొలువుకు తయారవుతున్న కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు చాలామంది చీకటితోనే లేచి పరుగు మీద పడతారు. జంప్ సంగతి నోటిఫికేషన్ వచ్చాక చూసుకుందాంలే అంటారు. తీరా గ్రౌండ్‌లో పరుగు నెగ్గి కూడా ఇసుక గుంత దగ్గర ఆగిపోతే ఆ కష్టమంతా వృథా. అది చూడలేకే ఇది రాస్తున్నాను.

మగవాళ్లకు 2018లో ఐదు ఈవెంట్లు ఉండేవి. 2022 నోటిఫికేషన్‌తో హైజంప్, 100 మీటర్లు పోయి మూడే మిగిలాయి. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. ఆడపిల్లలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు, జంప్ 2.50 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. పరుగులో నెగ్గితేనే తక్కినవి. అంటే అలసిన కాళ్లతోనే దూకాలి. ప్రాక్టీసూ అలాగే చేయండి.

జంప్‌కు బలం ఒక్కటే చాలదు, అడుగుల లెక్క కుదరాలి. టేకాఫ్ గీత మీద నిలబడి వెనక్కి పరుగెత్తండి. ఏ కాలితో ఎగురుతారో ఆ కాలు ఎక్కడ పడిందో అక్కడ ఇటుక పెట్టండి. రోజూ అక్కడి నుంచే మొదలుపెడితే గీత దాటి ఫౌల్ కావడం తగ్గుతుంది. ఇసుకలో దిగేటప్పుడు ఒళ్లు ముందుకు వాలాలి. గీతకు అతి దగ్గరగా ఇసుక చెదిరిన చోటి వరకే కొలుస్తారు. మడమలు 4.10 దగ్గర దిగినా, వెనక్కి ఒరిగి 3.80 దగ్గర చెయ్యి ఆనిస్తే మీ జంప్ 3.80 మీటర్లే. ఎంత బాధ!

రాత పరీక్షలో ఇంగ్లిష్ కూడా ఉంది, అక్కడా ఈ ‘జంప్’ అనే మాట తగలొచ్చు. మనం ‘దొంగ జంప్ అయిండు’ అంటే పారిపోయాడని. ఇంగ్లిష్‌లో ‘జంప్ బెయిల్’ అంటే బెయిల్ మీద బయటికొచ్చి వాయిదాకు కోర్టుకు రాకపోవడం. ‘జంప్ ఎట్ యాన్ ఆఫర్’ అంటే వచ్చిన అవకాశాన్ని ఎగిరి అందుకోవడం. ‘జంప్ టు ఎ కన్‌క్లూజన్’ అంటే ఆధారాలు చూడకుండా నిర్ణయానికి రావడం. ఖాళీలు నింపే ప్రశ్నల్లో ఈ ‘ఎట్’, ‘టు’ల దగ్గరే తడబడతారు. అందుకే మాటను ఒంటరిగా బట్టీ పట్టకుండా, పేపర్లో కనిపించిన వాక్యాన్ని వాక్యంగానే నోట్సులోకి ఎక్కించండి.