తూటాలో సీసమా, రాగియా? – అడవి పందుల వేటలో లోహవిచారము

టెక్సాస్‌లో నగరాలకు దూరంగా పొలమో, పశువుల రాంచో కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఏడాది తిరగక ముందే అడవి పందుల పరిచయం కలగవచ్చును. రాత్రికి రాత్రి పచ్చిక బయలును నాగలితో దున్నినట్లు కుళ్ళగించి పోతాయి. ఇవి అమెరికా ఖండానికి చెందిన జంతువులు కావు. 1539లో హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరంలో దింపిన పెంపుడు పందుల వంటి వాటి సంతతికి, తరువాతి కాలంలో వేటకై తెప్పించిన యూరపు అడవి పందుల రక్తం కలిసి ఈ జాతి విస్తరించింది. నేడు ముప్పైకి పైగా రాష్ట్రాలలో వీటి సంఖ్య అరవై లక్షలు దాటినదని అంచనా. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు నుండి, యజమాని అనుమతి ఉంటే సొంత భూములలో వీటి వేటకు లైసెన్సు కూడా అక్కరలేదు. కనుక తుపాకి పట్టని ఇంటికి సైతం ఇరుగుపొరుగుల నుండి ఈ మాంసం వస్తూనే ఉంటుంది.

తూటా అనగా ఇత్తడి గొట్టం, అందులోని మందు, ముందు అమర్చిన గుండు. వేటగాళ్ళ చర్చ తరచుగా మందు బలం మీదనే సాగుతుంది గాని, అసలు విషయం గుండు నిర్మాణంలో ఉన్నది. ముదిరిన మగపంది భుజాలపై చర్మం క్రింద డాలు వంటి గట్టి కణజాలం పెరుగుతుంది. గుండె ఛాతీలో బాగా క్రిందుగా, ముంగాళ్ళ మధ్యకు ఉంటుంది. 3.6 గ్రాముల చిన్న గుండు సెకనుకు 990 మీటర్ల వేగంతో వెళ్ళినా దాని గతిజశక్తి సుమారు 1,760 జౌళ్ళే, 9.7 గ్రాముల పాయింట్ 308 గుండు 860 మీటర్ల వేగంతోనే 3,600 జౌళ్ళు మోస్తుంది. అయితే శక్తి ఒక్కటే చాలదు. చిన్న జంతువులకై చేసిన పెళుసు గుండు డాలు మీదనే చితికిపోతుంది. పూర్తిగా రాగితొడుగు కప్పిన సైనికపు గుండు విప్పారకుండా దూసుకుపోయి, అవతల నున్న దానిని కూడా తాకవచ్చును. రెండు విధాలా జంతువు గాయంతో పొదలలోకి పారిపోయి గంటల తరబడి బాధపడుతుంది. గుండు లోపలికి పోవాలి, పోతూ పుట్టగొడుగు వలె విప్పారాలి.

ఈ పనికి నూరేళ్ళకు పైగా సీసమే వాడుతున్నారు. మెత్తన, చవుక, సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు. కాని ఆ మెత్తదనమే దాని దోషం. ఎముకకు తగిలినప్పుడు సన్నని రజను వలె చెదరుతుంది. 2009లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, సీసపు గుండ్లతో కొట్టిన 30 జింకలను ఎక్స్-రే తీయగా అన్నింటిలోనూ లోహపు ముక్కలు కనిపించాయి. మాంసం అమ్మకానికి కోసే వారిచే శుభ్రం చేయించినా, 24 జింకల ఖీమాలో ముక్కలు మిగిలాయి. ఆ ఖీమాను పందులకు మేపగా రెండు దినాలలో వాటి రక్తంలో సీసం డెసిలీటరుకు 2.29 మైక్రోగ్రాములకు చేరింది. మేపని వాటిలో 0.63 మాత్రమే. (పరీక్షకు దొరికినవి కూడా పందులే!) అమెరికాలో పిల్లల రక్తానికి 2021లో నిర్ణయించిన హెచ్చరిక హద్దు 3.5. సీసానికి హాని చేయని మోతాదు అంటూ ఇంతవరకు తేలలేదు.

తెలుగువారి వంటకు ఇక్కడ ఒక ప్రత్యేక చిక్కు ఉన్నది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచరాదని అమ్మమ్మలు ఎరుగుదురు. పులుపు లోహాన్ని కరిగిస్తుంది. గాలి తగులుతుండగా చింతపండు, నిమ్మ, వినిగర్‌లలోని ఆమ్లాలు సీసాన్ని లవణాలుగా మార్చి రసంలోకి దింపగలవు. స్పెయిన్‌లో సీసపు రవ్వలున్న కౌజు పిట్టలను వినిగర్‌తో వండి చూడగా, మాంసంలోకి సీసం ఎక్కువగా చేరింది. సీసపు గుండుతో కొట్టిన పంది మాంసాన్ని పులుసు పెట్టడం, నిమ్మరసంతో ఊరబెట్టడం అందుచేత మంచిది కాదు.

రాగి మాత్రం చిలుము పట్టదా అని ఎవరైనా అడుగవచ్చును. పడుతుంది. అయితే ముక్కంతా రాగితో చేసిన గుండు మొన విచ్చుకొని రేకులవుతుందే గాని చెదరదు. దాదాపు పూర్తి బరువుతో నిలుస్తుంది. పైగా శరీరానికి రాగి కొంత అవసరం, సీసం ఏమాత్రం అవసరం లేదు. రాగి సాంద్రత 8.96 కనుక అదే బరువు గుండు పొడవవుతుంది. పాయింట్ 308లో 9.7 గ్రాములకు బదులు 8.4 గ్రాములది ఎంచుకోవడం మేలు. వేగం తగ్గితే రాగి విప్పారదు, కనుక దూరపు గురి కూడదు. ధర ఎక్కువ. కొత్త తూటాలతో తుపాకి గురిని తిరిగి సరిచూసుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుండి వేటకంతటికీ సీసం లేని తూటాలే వాడాలి. కాండోర్ గ్రద్దలు కళేబరాలలోని సీసం తిని చనిపోవడమే అందుకు ముఖ్య కారణం.

ఏ గుండుతో కొట్టినా ఈ పందులలో బ్రుసెల్లా, ట్రైకినెల్లా ఉండవచ్చును. చేతితొడుగులతో కోసి, మాంసం లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా ఉడికించాలి. ఈ వేడి క్రిములను చంపుతుంది; సీసాన్ని తాకనైనా తాకదు. గాయం చుట్టూ మాంసాన్ని ఉదారంగా కోసి పారవేయవలెను. పొరుగువారు పొట్లం తెచ్చినప్పుడు ఏ తూటాతో కొట్టారో అడగడం తప్పు కాదు; సీసమని చెబితే ఆ మాంసం పిల్లలకు, గర్భిణులకు వడ్డించకూడదు.